అయస్కాంతం అంటుకోని చోట

(మిషిగన్‌లో తెలుగువాళ్ళ వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు దీన్ని చూడండి. ఫ్రిజ్ తలుపుకి అంటించుకునే మామూలు అయస్కాంతం. ఆరేళ్ళ క్రితం నవంబరులో ఒక పాత కారు చూడటానికి ఒహాయో సరిహద్దు దగ్గర పల్లెటూరికి వెళ్ళినప్పుడు, మా పక్కింటి పెద్దాయన దీన్ని జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు. కారు 1968 నాటి షెవర్లే షెవెల్ మాలిబు, రెండు తలుపులది. దూరం నుంచి నిగనిగలాడుతోంది. అమ్మే ఆయన "తుప్పు లేదు" అని రెండుసార్లు చెప్పాడు. పెద్దాయన ఏమీ అనకుండా వెనక చక్రం పైభాగం చూపించారు. అయస్కాంతం అక్కడ పెట్టాను, జారి కింద పడింది. ఒక జానెడు పైకి పెట్టాను, అంటుకుంది. మళ్ళీ కిందికి తెచ్చాను, మళ్ళీ జారింది. రంగు కింద అక్కడ రేకు లేదు. వేలెడు మందాన లప్పం ఉంది.

అయినా కొన్నాం. పైకప్పు, తలుపులు, చాసిస్ గట్టిగా ఉన్నాయి. తుప్పు ఎక్కడెక్కడ ఉందో తెలిశాక ధర మాట్లాడటం కూడా తేలికైంది. ఆ రోజు నుంచి ఈ అయస్కాంతం నా దగ్గరే ఉంది.

నా గురించి రెండు మాటలు. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో పనిచేసేవారు. లారీ ఇంజిన్ల సిలిండర్లు రీబోరు చేయడం (అరిగిన లోపలి గోడను చెక్కి సమం చేయడం), క్రాంకులు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసులు) గ్రైండ్ చేయడం అక్కడి పని. సెలవుల్లో మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్ళేవాణ్ణి. ఆయన తినేదాకా కూర్చుని చూసేవాణ్ణి కానీ మిషను ముట్టుకోనిచ్చేవారు కాదు. చదువుకున్నాను, ఈ దేశం వచ్చాను, ఇప్పుడు కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఇరవై ఏళ్ళు కార్ల పరిశ్రమలో ఉండి ఒక్క బ్రేకు డ్రమ్ము కూడా చేత్తో విప్పి చూడలేదు. ఆ వెలితి నన్ను చాలాకాలం లోపల తొలుస్తూ ఉండేది.

పక్కింటి పెద్దాయన ఇంజిన్ ఫ్యాక్టరీలో మెషినిస్టుగా చేసి రిటైరయ్యారు. మంచు ఊడ్చేటప్పుడు మొదలైన పరిచయం. మూడో మనిషి మా వీధి చివర ఉండే వరంగల్ తమ్ముడు, నాలాగే సాఫ్ట్‌వేర్. నాలుగో ఆవిడ కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రాలు వెల్డింగ్ నేర్పే టీచరు. నేను ఆవిడ దగ్గర ఫీజు కట్టి నేర్చుకోవడానికి వెళ్ళాను. మూడో నెలలో ఆవిడే "నీ కారు ఎక్కడుంది, చూపించు" అన్నారు. అలా నలుగురమయ్యాం.

మజిల్ కారు అంటే ఏమిటో ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు కూడా సరిగ్గా తెలియదు కాబట్టి కొంచెం చెబుతాను. మధ్యరకం సైజు కారు, కుటుంబం తిరిగేది, అందులో పెద్ద కారు ఇంజిన్ పెట్టడం. అంతే. 1964లో జనరల్ మోటార్స్‌కి చెందిన పొంటియాక్ కంపెనీలో జాన్ డెలోరియన్, బిల్ కాలిన్స్, రస్ గీ అనే ఇంజినీర్లు చేసిన పని ఇది. మధ్యరకం కారులో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో నియమం ఉండేది. వీళ్ళు 389 పెట్టారు. దాన్ని కొత్త మోడల్‌గా చూపిస్తే పైవాళ్ళ అనుమతి కావాలి. అందుకని టెంపెస్ట్ లెమాన్స్ కారుకి అదనపు సామాను జాబితాలో ఒక ఐటెమ్‌గా చేర్చారు. దాని పేరే జీటీఓ. ఐదువేలు అమ్ముడుపోతే చాలనుకున్నారు, మొదటి ఏడాదే 32,450 పోయాయి. ఇక మిగతా కంపెనీలు ఆగలేదు. 1968కల్లా ప్లిమత్ వాళ్ళు 383 ఇంజిన్‌తో రోడ్ రన్నర్‌ని మూడు వేల డాలర్ల లోపు అమ్మారు. ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే కుర్రాడు వాయిదాల్లో కొనుక్కోగలిగిన ధర అది. మా పెద్దాయన ఆ కుర్రాళ్ళలో ఒకరు, కాకపోతే ఆయనకు అప్పుడు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. స్నేహితుల కార్లకు రిపేర్లు చేస్తూ, వాళ్ళ పక్క సీట్లో కూర్చునే తిరిగానని చెప్పేవారు.

ఆ కాలం ఎక్కువ రోజులు నిలవలేదు. బీమా కంపెనీలు కుర్రాళ్ళకు ప్రీమియం విపరీతంగా పెంచాయి. 1970లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. సీసం లేని పెట్రోలుకు సిద్ధం కావాలని జనరల్ మోటార్స్ 1971లో ఇంజిన్ల కంప్రెషన్ (సిలిండరులో పెట్రోలు, గాలి కలిసి నొక్కుకుపోయే మోతాదు) తగ్గించింది, దాంతో బలమూ తగ్గింది. 1973 అక్టోబరులో చమురు ఎగుమతుల ఆంక్షలు, బంకుల దగ్గర క్యూలు. ఇంకోటి చెప్పాలి. పాత కారుల హార్స్‌పవర్ అంకెలు చూసి మోసపోకండి. 1972కి ముందు ఇంజిన్‌ని బల్ల మీద పెట్టి, సైలెన్సరు, ఫ్యాను, ఆల్టర్నేటరు లేకుండా కొలిచేవారు. 1972 నుంచి అన్నీ తగిలించి కొలిచారు. 1971లో 245 అని రాసిన షెవర్లే 350 ఇంజినే మరుసటి ఏడాది 165 అయింది. ఇంజిన్ పెద్దగా మారలేదు, కొలిచే పద్ధతి మారింది.

ఇప్పుడు మా కారు. ముందద్దంలోంచి కనిపించే చోట డాష్‌బోర్డు మీద చిన్న రేకు ఉంటుంది, దాని మీద పదమూడు అక్షరాలు, అంకెలు. మా దాని మీద మొదటి ఐదు 13637. ఒకటి అంటే షెవర్లే, 36 అంటే వీ-8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉన్న మాలిబు, 37 అంటే రెండు తలుపుల స్పోర్ట్ కూపే. అదే 13837 ఉంటే ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) 396, అంటే అసలైన మజిల్ కారు. 1968లో ఈ తేడా నంబరులోనే ఉంది. 1969 నుంచి ఎస్ఎస్ కూడా అదనపు సామానుగా మారిపోయింది, కాబట్టి నంబరు చూసి చెప్పలేం. మీలో ఎవరైనా 1969 షెవెల్ ఎస్ఎస్ కొనాలనుకుంటే కారు కాగితాలు చూడకుండా డబ్బివ్వకండి. మామూలు మాలిబుకి ఎస్ఎస్ బిళ్ళలు అంటించి అమ్మడం చాలా తేలిక.

మా అమ్మకందారు కూడా బిళ్ళలు అంటించాడు. నంబరు వేరే చెప్పింది. పెట్రోలు ట్యాంకు దించినప్పుడు దాని పైన ఒక కాగితం అతుక్కుని కనిపించింది. ఫ్యాక్టరీలో ఆ కారుకి ఏమేం బిగించాలో రాసిన షీటు. సగం ఎలుకలు కొరికేశాయి. మిగిలిన సగంలో 307 ఇంజిన్, రెండు గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ అని ఉంది. అంటే ఇది పాలకీ, బడికీ, చర్చికీ తిరిగిన ఇంటి కారు. ఆ 307 ఇంజిన్ కూడా ఎప్పుడో పోయింది, ఉన్నది ఎవరో పెట్టిన వేరే ఇంజిన్, దాని బ్లాకు (సిలిండర్లు ఉండే ఇనుప దిమ్మ) కూడా పగిలి ఉంది.

ఆ రాత్రి గ్యారేజీలో గట్టి వాదన జరిగింది. ఈ పనిలోకి దిగే ప్రతి గుంపూ ఈ వాదన దాటాల్సిందే. టీచరు గారు "ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే చేద్దాం, 307 వెతుకుదాం" అన్నారు. వరంగల్ తమ్ముడు "అన్నా, కొత్త కంప్యూటర్ ఇంజిన్ పెడదాం. తాళం తిప్పితే స్టార్ట్ కావాలె, గా చోక్ లొల్లి మనకెందుకు?" అన్నాడు. నాకు ఇద్దరి మాటా నచ్చింది, అదే ఇబ్బంది. పెద్దాయన చివరిదాకా విని ఒక నియమం చెప్పారు. పానాతో విప్పి మళ్ళీ పాతది పెట్టగలిగినవి ఏవైనా మార్చండి. బాడీని, చాసిస్‌ని మాత్రం కోయకండి. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి అటక మీద పెట్టండి.

అది అరుదైన అసలు ఎస్ఎస్ 396 అయి, ఇంజిన్ మీది నంబరు కారు నంబరుతో కలిసి ఉంటే మేం ఒక్క బోల్టు కూడా మార్చేవాళ్ళం కాదు. అలాంటి కార్లు తక్కువ మిగిలాయి, వాటిని ఉన్నది ఉన్నట్టు కాపాడాలి. మాలిబులు మాత్రం లక్షల్లో చేశారు. మామూలు కారు తీసుకుని స్నేహితులతో కలిసి దాన్ని వేగంగా పరిగెత్తించడం ఈ దేశంలో ఎప్పటి నుంచో ఉన్న సంప్రదాయం. 1930లలోనే కాలిఫోర్నియాలో మ్యూరాక్ లాంటి ఎండిపోయిన చెరువు నేలల మీద కుర్రాళ్ళు పాత ఫోర్డులకు మడ్‌గార్డులు పీకేసి పందేలు వేసేవాళ్ళు. 1932లో ఫోర్డు చవక ధరలో వీ-8 ఇంజిన్ తెచ్చాక అది ఇంకా ఊపందుకుంది. హాట్ రాడ్ అంటే అదే. కాబట్టి మా మాలిబుకి అన్యాయం చేస్తున్నామని నాకు అనిపించలేదు.

మొదటి చలికాలం మొత్తం తుప్పుతోనే పోయింది. మీ అందరికీ ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు తెలుసు. డెట్రాయిట్ నగరం కిందే, దాదాపు 1,200 అడుగుల లోతులో, ఉప్పు గని ఉంది. కార్లు పుట్టిన ఊరి కిందే కార్లను తినేసే ఉప్పు ఉండటం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఈ రకం షెవెల్స్‌లో తుప్పు మొదట వెనక అద్దం చుట్టూ పడుతుంది. అద్దం అంచున ఉండే మెరుపు పట్టీ కింద నీళ్ళు నిలుస్తాయి, అక్కడి నుంచి డిక్కీలోకి చుక్కచుక్కగా దిగుతాయి. ఆ తర్వాత డిక్కీ అడుగు, వెనక చక్రాల పైభాగాలు, ముందు సీట్ల కింద నేల.

లప్పం చెక్కుతుంటే కింద పాత లైసెన్సు ప్లేటు ముక్క రివిట్లు కొట్టి కనిపించింది. దాని కింద ఇంకో పొర లప్పం. కోపం వచ్చింది. టీచరు గారు మాత్రం "అతని దగ్గర వెల్డింగ్ మిషను లేదేమో" అన్నారు. లప్పం చెడ్డది కాదని కూడా ఆవిడే చెప్పారు. వెల్డింగు చేసి, సమం చేసి, పైన పలచని పొర పూయడానికి అది పుట్టింది. రేకు లేని చోట రేకుగా నటించమంటే అది నిలవదు.

పల్చని రేకు వెల్డింగు గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే నేను ఎక్కువగా నేర్చుకున్నది అక్కడే. కారు బాడీ రేకు మందం మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది. గీత గీసినట్టు వెల్డింగు లాగితే వేడికి రేకు వంకర తిరుగుతుంది, అప్పడంలా ఉబ్బుతుంది. అందుకని ఒక చుక్క ఇక్కడ, మరో చుక్క అడుగు దూరంలో, మూడోది మళ్ళీ ఇటు. చెయ్యి పెట్టి చూసి, చల్లారాకే తర్వాతి చుక్క. వెనక మడ్‌గార్డు ఒక్కటి పూర్తికావడానికి నాలుగు శనివారాలు పట్టింది. నేల రేకు కోసేముందు తలుపుల సందుల్లో ఇనుప కడ్డీలు అడ్డంగా బిగించాం, లేకపోతే కోశాక బాడీ కుంగి తలుపులు పడవు. వెల్డింగు అయిన ప్రతి అతుకుకీ లోపలి వైపు జింకు ప్రైమరు, సీలరు, చివర్లో మైనం. లోపలి వైపు ఎవరికీ కనిపించదు. పెద్దాయన మాత్రం ప్రతిసారీ బల్బు పట్టుకుని లోపలి వైపే చూసేవారు.

రెండో ఏడాది నేను ఇంజిన్ మొదలుపెడదామన్నాను. ముందు బ్రేకులన్నారు పెద్దాయన. నా ఉద్యోగమే బ్రేకులు, నేను అడగాల్సిన మాట ఆయన అడిగారు. ఈ కారుకి ఫ్యాక్టరీ నుంచి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. కొండ దిగుతూ నాలుగైదుసార్లు గట్టిగా తొక్కితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, షూ నుంచి దూరం జరుగుతుంది, పెడల్ కిందికి పోతుంది. లోపలి లైనింగు కూడా వేడికి పట్టు వదులుతుంది. ఒకటిన్నర టన్నుల కారు, దానికి ఇప్పుడు రెట్టింపు బలం ఇవ్వబోతున్నాం. ముందు చక్రాలకు డిస్కులు వేశాం. తర్వాతి ఏళ్ళ షెవెల్ భాగాలు బోల్టులతో అలాగే సరిపోతాయి, కోత అక్కర్లేదు. సీట్లకు మూడు చోట్ల బిగించే బెల్టులు కూడా అప్పుడే పెట్టాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత డ్రమ్ములు విప్పితే లోపల బూడిదరంగు పొడి ఉంటుంది. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. గాలి గొట్టంతో ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తర్వాత ప్రాణం తీస్తుంది. తడిపి తుడవండి, మాస్కు పెట్టుకోండి, గుడ్డని సంచిలో మూటకట్టి పారేయండి. ఆటోనగర్‌లో నోటితో ఉఫ్ అని ఊదుతూ పనిచేసిన వాళ్ళను నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బ్రేకు గొట్టాల్లో గాలి తీయడానికి ఒకరు పెడల్ మీద, ఒకరు కింద ఉండాలి. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. "నొక్కు. పట్టుకో. వదులు." రెండు గంటలు అదే మాట. చివరికి పెడల్ గట్టిపడ్డప్పుడు తనే "నాన్నా, ఇప్పుడు రాయిలా ఉంది" అంది. నేను రాసిన కోడు లక్షల కార్లలో ఉంది. ఆ పెడల్ గట్టిపడటం కాలితో కాకపోయినా చెవితో తెలుసుకున్నది ఆ రోజే.

ఇక ఇంజిన్. పాత సామాన్ల యార్డులో 1970ల పికప్ ట్రక్కుది 350 బ్లాకు దొరికింది. షెవర్లే స్మాల్ బ్లాక్ అంటారు దీన్ని. ఎడ్ కోల్ నాయకత్వంలో 1955లో 265 ఘనపు అంగుళాలతో మొదలైంది. 2011కల్లా ఈ వంశంలో పది కోట్ల ఇంజిన్లు తయారయ్యాయి. అందుకే విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఎవరో ఒకరికి దీని సంగతులు తెలిసే ఉంటాయి.

350 ఎలా వస్తుందో లెక్క చూడండి. సిలిండరు బోరు, అంటే లోపలి వెడల్పు, 4 అంగుళాలు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం, అంటే స్ట్రోకు, 3.48 అంగుళాలు, అలాంటివి ఎనిమిది. ఇదే కుటుంబంలో 1970లో 400 అనే ఇంజిన్ వచ్చింది, దాని స్ట్రోకు 3.75. ఆ క్రాంకు తీసి 350 బ్లాకులో పెడితే ఏమవుతుందని ఎవరో హాట్ రాడర్లు ఆలోచించారు. కానీ ఆ క్రాంకు బేరింగుల్లో కూర్చునే గుండ్రటి భాగాలు, జర్నళ్ళు, లావు. 2.65 అంగుళాల నుంచి 2.45కి గ్రైండ్ చేశారు. బోరుని ముప్పై థౌ పెంచి 4.03 చేశారు. 383 వచ్చింది. షెవర్లే అప్పట్లో ఆ కొలతతో స్మాల్ బ్లాక్ చేయనే లేదు, షెడ్లలో పుట్టిన ఇంజిన్ అది. మేమూ అదే చేశాం, క్రాంకు మాత్రం సిద్ధంగా దొరికేది కొత్తది కొన్నాం. మొత్తం 6.27 లీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే ఒక్కో సిలిండరు 784 సీసీ. మారుతీ 800 ఇంజిన్ మొత్తం 796. అంటే దాదాపు ఎనిమిది మారుతీలు ఒకే బోనెట్ కింద.

థౌ అన్నాను కదా. అంగుళంలో వెయ్యో వంతు. మా నాన్న షాపులో అందరూ "థౌ" అనేవాళ్ళు. పదేళ్ళ వయసులో అది తెలుగు మాటే అనుకున్నాను. మొదటిసారి పెద్దాయన మైక్రోమీటరు నా చేతికిచ్చి "ఎన్ని థౌ?" అని అడిగినప్పుడు నాకు ఒక్క క్షణం మాట రాలేదు. విజయవాడ ఎండలో, డీజిలు వాసనలో విన్న మాట ఇక్కడ మంచు కురుస్తున్న గ్యారేజీలో వినపడింది.

రీబోరు చేయించి తెచ్చిన రోజు నాన్నకు వీడియో కాల్ చేశాను. ఆయనకు డెబ్బై ఎనిమిది. "ఎంత?" అన్నారు. "ముప్పై థౌ నాన్నా." "ఫోను లోపల పెట్టు, హోనింగు గీతలు చూడనీ." టార్చి వేసి సిలిండరు గోడ చూపించాను. గోడ నున్నగా ఉండకూడదు, రెండు వైపుల నుంచీ ఏటవాలుగా సన్నటి గీతలు ఒకదాన్నొకటి దాటుతూ ఉండాలి, ఆయిల్ నిలవడానికి. ఆయన కళ్ళజోడు పైకి జరిపి చాలాసేపు చూశారు. "బాగా చేశాడు. రింగు గ్యాపు చూశావా?" అన్నారు. పిస్టన్ చుట్టూ ఉండే ఒక్కో రింగునీ దాని సిలిండరులోనే పెట్టి, ఫీలర్ గేజీతో సందు కొలవాలి. మా బోరుకి పై రింగు కనీసం పదహారు థౌ. తక్కువైతే వేడికి రింగు చివరలు గుద్దుకుని పిస్టనే విరుగుతుంది. నాన్న ఇటు ఫోనులో, పెద్దాయన అటు బల్ల దగ్గర. మధ్యలో నేను అనువాదం. కాసేపయ్యాక అనువాదం అక్కర్లేకపోయింది. అంకెలు చాలు వాళ్ళకి.

క్రాంకు బేరింగులకు ప్లాస్టిగేజ్ అని మైనపు దారం లాంటిది వాడతారు. క్రాంకు మీద చిన్న ముక్క పెట్టి, టోపీ బిగించి, మళ్ళీ విప్పి, ఆ దారం ఎంత వెడల్పుగా నలిగిందో చూస్తే సందు తెలుస్తుంది. రెండు థౌ పైన కొంచెం ఉండాలనుకున్నాం. నాలుగు చోట్ల అలాగే వచ్చింది, ఐదో చోట ఒక్క థౌ. నాకైతే పర్లేదనిపించింది, రాత్రి పదకొండైంది. పెద్దాయన ఏమీ అనలేదు, లైటు ఆపి ఇంటికెళ్ళారు. మర్నాడు పొద్దున్న విప్పి చూస్తే బేరింగు వెనక వెంట్రుకంత ఇనుప పొట్టు. తుడిచి మళ్ళీ బిగిస్తే రెండుంపావు. అలాగే వదిలేసి ఉంటే ఆ బేరింగు ఎక్కువ దూరం నడిచేది కాదు.

స్ట్రోకు పెరిగింది కాబట్టి పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టులు బ్లాకు అడుగు అంచుకి తగులుతాయి. చేత్తో క్రాంకు తిప్పుతూ, తగిలే చోట గుర్తు పెట్టి, అరవై థౌ సందు వచ్చేదాకా గ్రైండరుతో అరగదీశాం. బాడీని కోయకూడదనే మా నియమానికి బ్లాకు మినహాయింపు. అది మాలిబు బ్లాకు కాదు కాబట్టి పెద్దాయన ఒప్పుకున్నారు.

నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఈ ఇంజిన్‌లో హెడ్ (సిలిండర్ల పై మూత) బోల్టుల రంధ్రాలు నీళ్ళు తిరిగే గదిలోకే తెరుచుకుంటాయి. మరలకు సీలరు పూయకపోతే నీళ్ళు మరల వెంట పైకి పాకుతాయి. పదిహేడు బోల్టులకు పూస్తుండగా ఫోనొచ్చింది. తిరిగొచ్చి ఎక్కడ ఆపానో చూసుకోకుండా బిగించాను. మొదటిసారి వేడెక్కాక రెండు బోల్టుల తలల దగ్గర నీటి బొట్లు మెరిశాయి. మళ్ళీ నీళ్ళు తీసి, బోల్టు ఒక్కోటీ విప్పి, తుడిచి, పూసి, వరుస ప్రకారం 65 ఫుట్-పౌండ్లకు బిగించాం. ఇప్పుడు నా బల్ల మీద ఫోను ఉండదు.

వైరింగు వరంగల్ తమ్ముడిది. ఇగ్నిషన్ వరుస, అంటే ఏ సిలిండరు తర్వాత ఏది పేలాలో ఆ క్రమం: ఒకటి, ఎనిమిది, నాలుగు, మూడు, ఆరు, ఐదు, ఏడు, రెండు. ఐదు, ఏడు పక్కపక్కన ఉంటాయి, ఒకదాని వెంట ఒకటి పేలుతాయి. రెండు వైర్లనీ ఆనించి పంపితే ఒకదాని కరెంటు ఇంకోదానికి తగిలి తప్పు సమయంలో నిప్పురవ్వ పడుతుంది. వాడు విడదీసి పంపాడు. ఈ వరుసలోనే ఆ శబ్దం రహస్యం కూడా ఉంది. ఎడమ వైపు ఒకటి, మూడు, ఐదు, ఏడు, కుడివైపు సరిసంఖ్యలు. వరుస చూడండి, ఎనిమిది-నాలుగు రెండూ కుడివైపే, ఐదు-ఏడు రెండూ ఎడమవైపే. ఒక్కో సైలెన్సరులోంచి పేలుళ్ళు సమంగా రావు, రెండు దగ్గర దగ్గరగా వచ్చి తర్వాత సందు పడుతుంది. అమెరికన్ వీ-8 గుడగుడమనేది అందుకే. చోక్ వద్దన్నవాడే కార్బురేటరు ముందు కూర్చుని "మా నాయిన చేతక్ స్కూటర్ గిట్లనే ఉండేది అన్నా" అంటూ గంటలు గడిపాడు.

రంగు గురించి ఎక్కువ చెప్పను. ముదురు నీలం, పాత షీటులో ఉన్న రంగే.

మూడో వసంతం, మే నెల శనివారం. కొత్త క్యామ్‌షాఫ్టు (లిఫ్టర్లు అనే ముక్కలను నెట్టి వాల్వులు తెరిచే ఇరుసు) ఉన్న ఇలాంటి ఇంజిన్‌ని మొదటిసారి స్టార్ట్ చేయగానే ఐడిల్‌లో ఉంచకూడదు. క్యామ్‌కి ఆయిల్ అందేది క్రాంకు చిమ్మితేనే. అందుకని స్టార్ట్ అయిన వెంటనే రెండు వేల నుంచి రెండున్నర వేల ఆర్‌పీఎమ్‌లో ఇరవై నిమిషాలు ఆపకుండా నడపాలి. ఆయిల్‌లో జింకు ఎక్కువ ఉండాలి. ఇప్పటి కార్ల ఆయిళ్ళలో, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టరు చెడిపోతుందని, దాన్ని తగ్గించేశారు. ఆ ఇరవై నిమిషాల్లో తేడా వస్తే మూడేళ్ళ పని ఇనుప పొడి అవుతుంది. రాత్రంతా టెన్షన్‌తో నిద్రపట్టలేదు.

ముందు డిస్ట్రిబ్యూటరు (స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచేది) తీసి ఆ రంధ్రంలోంచి డ్రిల్ మిషనుతో ఆయిల్ పంపు తిప్పాం. నెమ్మదిగా వాల్వులను నొక్కే పదహారు రాకర్ల దగ్గరా ఆయిల్ ఊట ఊరింది. డిస్ట్రిబ్యూటరు పెట్టి, టైమింగు సరిచూసి, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకుని తాళం తిప్పాను. రెండో చుట్టులోనే అందుకుంది. గ్యారేజీ గోడకి వేలాడే పానాలన్నీ ఒక్కసారి గణగణలాడాయి. తమ్ముడు ఉష్ణోగ్రత చదువుతున్నాడు, టీచరు గారు గొట్టాల కింద టార్చితో చూస్తున్నారు, పెద్దాయన గడియారం పట్టుకున్నారు. ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడినా వినపడదు. ఆపమని ఆయన చెయ్యెత్తాక ఆ నిశ్శబ్దంలో వేడి ఇనుము టిక్ టిక్ మంటుంటే టీచరు గారు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూకి తీసుకెళ్ళాం. డెట్రాయిట్ నుంచి పొంటియాక్ దాకా వెళ్ళే రోడ్డు. 1909లో ఈ రోడ్డులోనే ఒక మైలు కాంక్రీటు వేశారు, దేశంలో మొదటి కాంక్రీటు హైవే మైలు అది. అరవైలలో సాయంత్రమైతే కుర్రాళ్ళు సిగ్నలు నుంచి సిగ్నలుకి పందేలు వేసింది ఇక్కడే. వాళ్ళ మధ్యలో కంపెనీల ఇంజినీర్లు కూడా తమ కార్లతో వచ్చేవాళ్ళు. 1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి డబ్బు పోగుచేద్దామని మొదలుపెట్టిన డ్రీమ్ క్రూజ్ ఇప్పుడు రోడ్డు పొడవునా జాతరలా జరుగుతుంది. మేం పందెం వేయలేదు, గంటకు పదిహేను మైళ్ళు దాటలేదు. దాటే ఖాళీ కూడా లేదు.

పెద్దాయన పక్క సీట్లో కూర్చున్నారు. పొంటియాక్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. కిటికీ దించి, మోచెయ్యి బయట పెట్టి, కళ్ళు మూసుకుని ఉన్నారు. బాగానే ఉన్నారా అని అడిగాను. "కుడివైపు ఒక లిఫ్టరు కొంచెం వదులుగా ఉంది. ఇంటికెళ్ళాక చూద్దాం" అన్నారు. ఆరో సిలిండరుది. ఆయన చెప్పినట్టే ఉంది.

ఖర్చు ఎంతైందని అడుగుతారని తెలుసు. ఈ కారు అమ్మితే పెట్టిన డబ్బు తిరిగిరాదు. తిరిగిరావాలని లెక్క వేసుకుంటే ఈ పని మొదలుపెట్టకండి, ఎవరో చేసిన కారు కొనుక్కోవడమే చవక. అలా కొంటే మాత్రం ఇలాంటి అయస్కాంతం జేబులో పెట్టుకెళ్ళండి.

కారు బయట పార్కింగులో, గుమ్మానికి ఎడమపక్కన ఉంది. బోనెట్ తీసే ఉంచాను. అయస్కాంతం ఈ బల్ల మీద పెడుతున్నాను, రంగు గీసుకోకుండా పక్కనే మెత్తటి గుడ్డ ఉంది. పిల్లలూ, కారు మీద మీకిష్టమైన చోట పెట్టి చూడండి. ఎడమ వెనక చక్రం పైన ఒక చోట కొంచెం నెమ్మదిగా అంటుకుంటుంది. అది నేను చేసిన మొదటి వెల్డింగు, అక్కడ రెండు మిల్లీమీటర్ల లప్పం ఉంది. కింద రేకు ఉంది. సైలెన్సరు గొట్టాల దగ్గరకి మాత్రం వెళ్ళకండి, ఇంకా వేడిగానే ఉంటాయి.